ఖాతా, లిపి, ముచ్చట: తొలినాటి తెలుగు అంతర్జాల సంభాషణ – వేటపాలెం గ్రంథాలయం నుండి ఒక పరిశీలన

ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల తెలుగు పత్రికలతో పనిపడిన పరిశోధకుడు ఎప్పుడో ఒకప్పుడు చీరాల దాటి వేటపాలెంలో రైలు దిగక తప్పదు. ఊటుకూరి వెంకట సుబ్బరాయశ్రేష్ఠి 1918లో సహచరులతో కలిసి నెలకొల్పిన సారస్వత నికేతనం అతని గమ్యం. నేతపనికీ జీడిపప్పుకూ పేరున్న ఈ ఊరు, 1929లో గాంధీ శంకుస్థాపన చేసిన గ్రంథాలయ భవనంలో, పాత దినపత్రికలనూ వారపత్రికలనూ తరం నుండి తరానికి కాపాడుకుంటూ వచ్చింది. ఫలానా వాదాన్ని ఎవరు లేవనెత్తారు, దానికి ఎవరు ఏ మాటల్లో జవాబిచ్చారు అన్నది పుట తిరగేసి చూసే వీలు ఇప్పటికీ అక్కడ ఉంది.

అదే పరిశోధకుడు 1990ల నాటి తెలుగువారు కంప్యూటర్ తెర మీద ఒకరితో ఒకరు ఏమి మాట్లాడుకున్నారో, ఏ లిపిలో రాసుకున్నారో తెలుసుకోదలిస్తే ఎక్కడ రైలు దిగాలి? కాలంలో దగ్గరగా ఉన్న ఈ సంభాషణ, ఆకరాల లభ్యతలో 1910ల నాటి పత్రికల కంటే దూరంగా ఉంది. అందుకు సాధారణంగా సాంకేతిక పరిజ్ఞానం త్వరగా మారిపోవడాన్ని కారణంగా చెబుతారు. అది పాక్షిక సత్యం. మాట్లాడే హక్కు ఏ రూపంలో లభించింది, అంటే సభ్యత్వంగానా ఖాతాగానా అన్నది అంతకంటే మూలమైన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

సభ్యత్వం, ఖాతా

1914లో విజయవాడలో ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం మొదలు, అయ్యంకి వెంకటరమణయ్య వంటి వారి కృషితో సాగిన ఉద్యమం గ్రంథాలయాన్ని సేవగా మాత్రమే చూడలేదు. చదివేవారే దానిని నడిపేవారు కూడా కావాలన్నది దాని వెనుక ఉన్న భావన. 1935లో పాతూరి నాగభూషణం ప్రభృతులు కొల్లూరు నుండి పెదవడ్లపూడి దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు పంపినప్పుడు కూడా, రేవు రేవున పుస్తకం తీసుకున్న రైతు ఆ ఏర్పాటులో భాగస్థుడే. సభ్యుడు ఊరు విడిచినా, కన్ను మూసినా, అతడు చదివిన పుస్తకం ఊరి బీరువాలోనే ఉంటుంది. వేటపాలెంలో కాగితం మిగలడానికి మూలం ఈ అమరికలో ఉంది.

అంతర్జాలానికి కూడా ఇటువంటి ఆరంభం ఒకటి ఉంది. తెలుగులో దీనిని గురించి రాసినది తక్కువ. 1986లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో టామ్ గ్రండ్నర్ కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం ఆధారంగా ‘ఫ్రీ-నెట్’ను ప్రారంభించాడు. ఇంట్లో కంప్యూటరు, మోడెమ్, టెలిఫోను ఉన్న పౌరుడెవరైనా రుసుము లేకుండా పేరు నమోదు చేసుకొని ఖాతా పొందవచ్చు. పందొమ్మిదో శతాబ్దిలో ఉచిత గ్రంథాలయాలు వచ్చినట్టే ఇప్పుడు ఉచిత కంప్యూటర్ సమాచార కేంద్రాలు రావాలన్నది అతని వాదం. తెర మీద కనిపించే పట్టికలోని విభాగాలకు తపాలా కార్యాలయం, గ్రంథాలయం, ఊరి కూడలి అంటూ ఒక పట్టణంలోని తావుల పేర్లు పెట్టారు. కొత్తగా ఖాతా తెరిచినవాడు ముందు తపాలా కార్యాలయంలో ఉత్తరాలు చూసుకొని, తరువాత కూడలికి వెళ్ళి ఇతరులతో మాట కలుపుతాడు. 1993లో కెనడా రాజధాని ఒట్టావాలో ఇదే పద్ధతిలో మరొకటి వచ్చింది. క్లీవ్‌లాండ్ ఫ్రీ-నెట్ 1999లో మూతపడింది. గ్రంథాలయాన్ని ఆదర్శంగా పెట్టుకున్న ఈ సంస్థ గ్రంథాలయంలోని ఒక ముఖ్య లక్షణాన్ని మాత్రం తెచ్చుకోలేకపోయింది. దాని ఖాతాదారు పాఠకుడే, భాగస్థుడు కాడు. యంత్రం ఆగిననాడు ఖాతా ఆగింది.

‘ఖాతా’ అన్న మాటను కూడా ఇక్కడ గమనించాలి. తెలుగులో లెక్కకు ‘పద్దు’ ఉండగా, కంప్యూటర్ వ్యవహారంలో ‘ఖాతా’ స్థిరపడింది. కిరాణా కొట్లో ఖాతా ఉండడమంటే షావుకారు అరువిస్తాడని అర్థం. పుస్తకం ఉండేది ఆయన గల్లాపెట్టె పక్కన. అనువాదకులు ఉద్దేశించి ఉండకపోయినా ఈ పదం వస్తుస్థితికి చక్కగా అతికింది.

తెలుగువారికి ఖాతా దొరికిన తీరు

1980ల చివర, 1990ల మొదట తెర మీద తెలుగులో మాట్లాడుకున్నవారిలో అత్యధికులు అమెరికా విశ్వవిద్యాలయాలలోని విద్యార్థులు. వారికి ఖాతా విశ్వవిద్యాలయం ఇచ్చింది. చదువు ముగిస్తే అది రద్దవుతుంది. యూజ్‌నెట్‌లోని భారతీయ సంస్కృతి విభాగం కింద తెలుగుకు ప్రత్యేకించిన చర్చావేదిక వీరి తొలి కూడలి. సాహిత్య చర్చకు వేరే బృందాలు తరువాత వచ్చాయి. శతాబ్ది మలుపున యాహూ సమూహాలలో ఏర్పడిన ఒక బృందం తన పేరు ‘రచ్చబండ’ అని పెట్టుకుంది. క్లీవ్‌లాండ్ వారు తెర మీద ఊరి కూడలిని కట్టుకున్నట్టే, ఖండాంతరాలలోని తెలుగువారూ కూర్చోవడానికి ఊరి మధ్య అరుగునే తలచుకోవడం విశేషం.

భారతదేశంలో ప్రజలకు అంతర్జాలం 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందుబాటులోకి వచ్చింది. చవకైన ‘షెల్’ ఖాతాలో బొమ్మలు ఉండవు, అక్షరాలే. మోడెమ్ కీచుమని కూత పెట్టి, ఆ చివర యంత్రం పలికాక, వాడుకరి పేరూ సంకేతపదమూ కొట్టి, యూనిక్స్ ఆదేశాలు ఒక్కొక్కటే ఇవ్వాలి. నోడ్ లేని ఊరివారికి ఎస్టీడీ ఖర్చు అదనం. 1998 చివర ప్రైవేటు సంస్థలకు అనుమతి వచ్చిన తరువాత ఇంటర్నెట్ కేంద్రాలు పెరిగాయి. అక్కడ అమరిక పూర్తిగా వేరు: తీగ మీది ఖాతా ఒక్కటే, అది యజమానిది; దాని మీద గంట లెక్కన కూర్చున్నవారు హాట్‌మెయిల్‌లోనో యాహూలోనో తలా ఒక పేరు పెట్టుకొని ముచ్చట్లలోకి దిగుతారు. కోస్తా జిల్లాల చిన్న పట్టణాలలో ‘సామూహిక ఖాతా’ ఆచరణలో తీసుకున్న రూపం ఇదే.

ప్రభుత్వం 2001లో నెలకొల్పిన ఈ-సేవ కేంద్రాలు సామూహికమైనవే కాని, అక్కడ పౌరుడు బిల్లు కడతాడు, మాట్లాడడు. అందువల్ల భాషా చరిత్రలో వాటి ప్రసక్తి స్వల్పం.

పెద్ద టి, చిన్న టి

ఖాతా దొరికినవాడికి ఎదురైన మొదటి ప్రశ్న లిపిది. యూనికోడ్ తొలి ప్రమాణంలోనే, 1991లో, తెలుగు లిపికి చోటు లభించింది. కాని సామాన్యుడి యంత్రంలో అది పనిచేసే స్థితికి మరో దశాబ్దం పట్టింది. ఈ నడిమి కాలంలో తెలుగు రోమన్ అక్షరాలలో నడిచింది. సాహిత్య చరిత్రకారులు దీనిని ఒక అవమాన ఘట్టంగా తలచి దాటివేయడం కద్దు. అది తొందరపాటు.

హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ 1990ల తొలి సంవత్సరాలలో ఒక లిప్యంతరీకరణ ప్రమాణాన్ని రూపొందించారు. విశ్వవిద్యాలయం పేరుతోనే అది ఆర్.టి.ఎస్.గా ప్రసిద్ధమయింది. దాని కీలకం ఆంగ్ల లిపిలోని పెద్దబడి, చిన్నబడి అక్షరాల భేదాన్ని తెలుగు వర్ణభేదంగా మార్చడం. చిన్న ‘టి’ కొడితే త, పెద్ద ‘టి’ కొడితే ట. చిన్న ‘ఎల్’ లకు, పెద్దది ళకు. చిన్న ‘ఎ’ హ్రస్వం, పెద్ద ‘ఎ’ దీర్ఘం. పెద్ద ‘ఎమ్’ సున్న. ఆంగ్లంలో వాక్యారంభానికీ సంజ్ఞానామానికీ గౌరవచిహ్నంగా ఉండే పెద్దబడికి ఇక్కడ ఆ గౌరవం లేదు. మాట నడుమ ఎక్కడైనా వస్తుంది, ఉచ్చారణ కోసం మాత్రమే వస్తుంది.

‘వేటపాలెం’ అన్న పేరునే తీసుకుంటే, ఈ ప్రమాణంలో దానికి నాలుగు పెద్ద అక్షరాలు కావాలి: ఏత్వానికి ఒకటి, టకారానికి ఒకటి, పకారం మీది దీర్ఘానికి ఒకటి, చివరి సున్నకు ఒకటి. మొదటి అక్షరం మాత్రం చిన్నదే. రైల్వే బోర్డు మీది ఆంగ్ల రూపంతో పోల్చితే ఇది తలకిందులు. సున్నకు బదులు చిన్న ‘ఎమ్’ కొడితే పొల్లు మకారం వచ్చి ‘వేటపాలెమ్’ అవుతుంది. అంటే, ఆర్.టి.ఎస్.లో రాసేవాడు ప్రతి అక్షరం దగ్గరా తెలుగు వర్ణక్రమాన్ని తలచుకోక తప్పదు. దీనిని తెలుగును వదిలివేయడంగా భావించడం పొరపాటు. తెలుగు వర్ణమాలనే మరో వేషంలో రాయడం ఇది. బ్రౌన్ వంటి విదేశీ పండితులు తెలుగును రోమన్ అక్షరాలలో చూపినది తెలియనివారికి తెలియజెప్పడానికి. ఇక్కడ తెలిసినవారు తెలిసినవారికి రాసుకున్నారు.

ఇంటర్నెట్ కేంద్రంలో కూర్చున్న కుర్రవాడు ఈ ప్రమాణాన్ని ఎరుగడు. అతని రోమన్ లిపికి నియమం లేదు. అతడు రాసే ఒకే నాలుగక్షరాల రూపం ‘మాట’ కావచ్చు, ‘మాత’ కావచ్చు, ‘మత’ కావచ్చు. ‘కళ్ళు’ ఎర్రబడ్డాయని రాస్తే ‘కల్లు’ అని చదివి నవ్వుకొనే వీలు ఎప్పుడూ ఉంటుంది. అయినా సంభాషణ ఆగలేదు, ఎందుకంటే ఇరువైపులా ఉన్నవారు చెవితో చదివారు. ఈ రెండు రోమన్ లిపులనూ ఒకటిగా చూడకూడదు. మొదటిది వర్ణక్రమాన్ని కాపాడింది. రెండవది దాన్ని పాఠకుడి ఊహకు వదిలి, పలుకుబడిని పట్టుకుంది. ‘వెళ్తున్నాను’ అన్నది ‘ఎల్తన్నా’ అయింది, ‘ఏమిటి’ అన్నది ‘ఏంటి’, ‘ఏంది’ అయింది. గిడుగు రామమూర్తి వ్యావహారికాన్ని కోరినప్పుడు ఆయన కోరినది శిష్టవ్యావహారికం. వ్యాకరణ పండితులూ పత్రికా సంపాదకులూ కాపలా లేని చోట, మాండలికం అచ్చుకు ఎక్కకుండానే రాతకు ఎక్కింది. కాకపోతే తెలుగు అక్షరాలలో కాదు.

తెర మీది సంబోధన

తొలినాటి యూనిక్స్ యంత్రాలలో ఇద్దరు మాట్లాడుకొనే ఆదేశం ఒకటి ఉండేది. తెర అడ్డంగా రెండు సగాలవుతుంది. పై సగంలో ఒకరు రాసేది, కింది సగంలో రెండవవారు రాసేది. కొట్టిన ప్రతి అక్షరమూ కొట్టిన క్షణంలోనే అవతల కనబడుతుంది. చెరిపివేసినదీ కనబడుతుంది. మాట తడబడి, వెనక్కి తీసుకొని, మరో మాట వేసుకోవడం ఎదుటివారి కళ్ళ ముందే జరుగుతుంది. ఒకరి మాట ముగియకముందే మరొకరు అందుకోవచ్చు. రాతలో ఇంత మౌఖికత అంతకుముందు లేదు. 1988లో ఫిన్‌లాండ్‌లో యార్కో ఓయికరినెన్ తయారుచేసిన ఐ.ఆర్.సి., 1996లో వచ్చిన ఐ.సి.క్యూ., ఆ తరువాతి యాహూ మెసెంజర్ దీనిని మార్చాయి. వాక్యం పూర్తిచేసి ‘ఎంటర్’ నొక్కితేనే అవతలికి చేరుతుంది. తడబాటు రాసినవాడి దగ్గరే ఉండిపోతుంది. ఈ మార్పును సాంకేతిక మెరుగుదలగా చెబుతారు. సంభాషణను పరిశీలించేవారికి మాత్రం ఇది ఒక నష్టం కూడా.

చాట్ గదిలోకి అడుగుపెట్టినవారిని మొదట అడిగే ప్రశ్న ప్రపంచమంతటా ఒక్కటే: వయసు, ఆడా మగా, ఊరు. మూడు ఆంగ్లాక్షరాలలో అది ముగుస్తుంది. తెలుగు పల్లెలో కొత్తవారిని ‘ఏ ఊరు, ఎవరి తాలూకు?’ అని అడుగుతారు. పై ప్రశ్నలో ఊరు మిగిలింది, ‘తాలూకు’ పోయింది. ఇంటిపేరు, కులం, వావివరస వెల్లడి కాకుండానే సంభాషణ మొదలుకావడం తెలుగు సమాజంలో చిన్న విషయం కాదు. వాడుకరి పేరు ఇంటిపేరు స్థానంలోకి వచ్చింది. పెట్టినవారు తల్లిదండ్రులు కారు, పెట్టుకున్నది తానే.

అయితే వ్యాకరణం అంత తేలికగా వదలలేదు. ఆంగ్లంలో ఎదుటివారిని పిలవడానికి ఒకే సర్వనామం చాలు. తెలుగులో ‘నువ్వు’, ‘మీరు’ అన్న ఎంపిక క్రియాపదం చివరి దాకా వెంటాడుతుంది: ‘చెప్పు’ అనాలా, ‘చెప్పండి’ అనాలా? వయసు తెలియదు, వరస తెలియదు. ప్రథమపురుషలో చిక్కు మరింత పెద్దది. గదిలోకి వచ్చిన మూడో మనిషి గురించి చెప్పాలంటే ‘వచ్చాడు’ అనడానికీ ‘వచ్చింది’ అనడానికీ ఆ పేరు వెనుక ఎవరున్నారో తెలియాలి. తెలుగు ఈ చిక్కుకు ఇచ్చే జవాబు ‘వచ్చారు’. గౌరవార్థక బహువచనం ఇక్కడ గౌరవం కోసం కాక, తెలియనితనం కోసం వాడబడుతుంది. క్రియ లేకుండానే వాక్యాన్ని ముగించడం, ఆంగ్ల క్రియను తెచ్చి తప్పించుకోవడం ఇతర మార్గాలు. తెలుగు సంభాషణలో ఆంగ్లం పెరగడానికి వలస మనస్తత్వాన్నీ విద్యామాధ్యమాన్నీ కారణాలుగా చూపే విశ్లేషకులు ఈ చిన్న వ్యాకరణ అవసరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంది. ‘మీరు’ నుండి ‘నువ్వు’కు దిగే క్షణం, ‘ఇక మీరు అనొద్దు’ అన్న మాట, స్నేహం కుదిరిందనడానికి గుర్తు. ఉత్తరాల తెలుగులో నెలలు పట్టే ఈ ప్రయాణం తెర మీద గంటలో ముగిసేది.

మిగిలినవీ పోయినవీ

ఈ పరిశీలనకు ఆధారంగా నిలవవలసిన అసలు పాఠాలు ఎక్కడ ఉన్నాయి? యూనిక్స్ ముచ్చట్లు తెర మూయగానే పోయాయి. వాటిని దాచే ఏర్పాటే లేదు. యాహూ బహిరంగ చాట్ గదులు 2012లో, మెసెంజర్ 2018 జూలైలో ఆగిపోయాయి. యాహూ సమూహాలలో సభ్యులు రాసినదంతా 2019 డిసెంబరులో తొలగించారు. మరుసటి ఏడాది సమూహాలే మూతపడ్డాయి. ఎవరైనా సభ్యులు ముందుగా దించుకొని దాచుకున్నదే మిగులు. ఆర్కుట్ 2014లోనే వెళ్ళిపోయింది. ఈ నాలుగూ తెలుగువారు వేలాది సాయంత్రాలు గడిపిన తావులు.

యూజ్‌నెట్ కథ వేరు. అది ఒక సంస్థ ఆస్తి కాదు. ఒకరు పంపినది అనేక విశ్వవిద్యాలయాల యంత్రాలకు నకళ్ళుగా చేరేది. ఆ నకళ్ళను 1995 నుండి డెజా న్యూస్ కూర్చింది, 2001లో గూగుల్ ఆ సేకరణను తీసుకుంది. అందువల్లనే తొలినాటి తెలుగు చర్చలలో కొంత ఇప్పటికీ చదవడానికి దొరుకుతున్నది. పత్రిక కూడా ఇలాగే మిగిలింది: మద్రాసులో అచ్చయిన ప్రతి వేటపాలెం చేరింది కనుక, మద్రాసు ప్రతి పోయినా వేటపాలెం ప్రతి ఉంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెబ్‌సైటు 2017 ప్రాంతంలో మూగబోయినప్పుడు కూడా, వేరొక చోట ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నకళ్ళు ఉండబట్టే వేలాది తెలుగు పుస్తకాలు చేజారలేదు. బహిరంగమై, పలుచోట్ల నకలైనది బతికింది. ఒకరి గల్లాపెట్టె పక్కన ఖాతాగా ఉన్నది ఆయన కొట్టు మూయగానే పోయింది.

ఇక వ్యక్తుల వద్ద, పాత ఫ్లాపీలలో, మార్చి పారేసిన కంప్యూటర్ల హార్డ్‌డిస్కులలో మిగిలిన ఉత్తరాలూ ముచ్చట్లూ. వీటిని సేకరించే బాధ్యతను ఇప్పటివరకు ఏ తెలుగు గ్రంథాలయమూ తన పనిగా ప్రకటించుకోలేదు. సేకరణకు నైతికమైన అడ్డంకి కూడా ఒకటి ఉంది: పత్రికకు రాసినవాడు లోకం చదవాలని రాశాడు, ముచ్చటలో రాసినవాడు ఒక్కరు చదవాలని రాశాడు. ఆ ఒక్కరి అనుమతీ, రాసినవారి అనుమతీ లేకుండా పరిశోధకుడు దానిని ఆకరంగా వాడరాదు. అనుమతి ఇవ్వగలిగినవారు నేడు యాభై, అరవై ఏళ్ళ వయసులో ఉన్నారు.

అనుమతి దొరికితే చదవడం ఎలా అన్న సందేహం వస్తుంది. ఇక్కడ ఒక వింత కనబడుతుంది. తొలినాడు తెలుగు అక్షరాలనే తెర మీద చూపిన పత్రికా వెబ్‌సైట్లు తలా ఒక సొంత ఖతి వాడాయి. ఒకరి ఖతిలో ‘క’ ఉన్న స్థానంలో మరొకరి ఖతిలో గుడిదీర్ఘం ఉంటుంది. ఆ ఖతి లేని యంత్రంలో పాఠం చదవరాని గుర్తుల గుంపు. వెన్న నాగార్జున రూపొందించిన ‘పద్మ’ వంటి ఉపకరణాలు ఈ ఖతులను ఒక్కొక్కటే యూనికోడ్‌లోకి మార్చవలసి వచ్చింది. ఉపకరణం ఎరుగని ఖతిలోని పాఠం నేటికీ మూగదే. ఆర్.టి.ఎస్.లో రాసినది మాత్రం ఏ యంత్రమైనా గుర్తించే మామూలు రోమన్ అక్షరాలు. వీవెన్ రూపొందించిన ‘లేఖిని’ ఆ ప్రమాణాన్నే ఆధారం చేసుకుంది. ముప్పై ఏళ్ళనాటి ఫ్లాపీ తెరుచుకుంటే, అందులో నాలుగు పెద్ద అక్షరాలతో ఉన్న ఊరిపేరును తెచ్చి లేఖిని పెట్టెలో వేస్తే, కింది పెట్టెలో ‘వేటపాలెం’ అని ఏత్వంతో, టకారంతో, సున్నతో సహా తప్పులేకుండా వస్తుంది.